జవాబు సరైనదే, మరి మార్కు ఎందుకు పోయింది?



కంప్యూటర్ ల్యాబ్ పరీక్షలు అయిన తర్వాత జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో మా డిపార్ట్‌మెంట్ టేబుల్ దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. “సార్, మావాడి లాజిక్ కరెక్టే, వచ్చిన సంఖ్య కూడా కరెక్టే. ఎక్కడో ఒక స్పేస్ ఎక్కువ పడిందని, ఒక లైన్ కిందికి దిగిందని మార్కు తీసేస్తారా?”

ప్రశ్న న్యాయమైనది. ఫీజు కట్టి, ఉదయం బస్సెక్కించి, సాయంత్రం హోంవర్క్ దగ్గర కూర్చోబెట్టే తల్లిదండ్రులకు అలా అడిగే హక్కు ఉంది. కాబట్టి ఈ నెల దాని మీదే నా అభిప్రాయం సూటిగా రాస్తున్నాను. మొదటిది, ప్రోగ్రామ్ తన జవాబును తెర మీద ఎలా చూపిస్తుందన్నది పైపై సొగసు కాదు, అది ప్రోగ్రామ్‌లో ఒక భాగం. దాన్ని నేర్పాలి, దిద్దాలి. రెండోది, ఒక్క స్పేస్ తేడాకు చిన్న తరగతుల పిల్లల జవాబు మొత్తాన్ని కొట్టేసి సున్నా వేయడం సరికాదు. మూడోది, ఆ తప్పును పిల్లల బదులు పెద్దవాళ్లో, ట్యూషన్ సారో, ఫోన్‌లోని ఏఐ యాప్‌లో దిద్దిపెట్టడం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

వంట ఒకటి, వడ్డన ఒకటి

ఏ ప్రోగ్రామ్ అయినా మూడు పనులు చేస్తుంది. వివరాలు తీసుకుంటుంది, లెక్క చేస్తుంది, ఫలితం చూపిస్తుంది. మనం గౌరవమంతా మధ్యలోని లెక్కకే ఇస్తాం. కానీ ఆ లెక్క కంప్యూటర్ లోపల జరుగుతుంది, దాన్ని ఎవరూ చూడరు. మనిషికి కనిపించేది చివరి పని ఒక్కటే. కరెంటు బిల్లులో కట్టాల్సిన మొత్తం, పాత బాకీ, గడువు తేదీ మూడూ కలిసిపోయి ఒకే అంకెల దండలా అచ్చయ్యాయనుకోండి. లెక్క ఎంత సరిగ్గా చేసినా ఆ బిల్లు పట్టుకుని మనం ఎంత కట్టగలం?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. కంప్యూటర్ మాత్రం ఎవరి మనిషీ కాదు. చెప్పింది చెప్పినట్టు వడ్డిస్తుంది. చెప్పనిది ఒక్క చుక్క కూడా వేయదు. టీచరైతే పిల్లవాడి మనసులో ఏముందో ఊహించి అర మార్కు వేయగలరు. యంత్రం ఊహించదు. అందుకే ప్రింట్ దగ్గర వచ్చే చిక్కులు పిల్లలను అంతగా విసిగిస్తాయి. కాస్త ఓపిక పడితే ఎక్కువగా నేర్పేవి కూడా అవే.

ల్యాబ్‌లో తరచుగా వచ్చే కొన్ని చిక్కులు కింద చెబుతున్నాను. మీకు ప్రోగ్రామింగ్ తెలియకపోయినా ఇవి అర్థమవుతాయి.

స్పేసులు, లైన్లు

సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో పిల్లలు నేర్చుకునే భాష పైథాన్. చిన్న తరగతుల్లోనూ చాలాచోట్ల దానితోనే మొదలుపెడుతున్నారు. అందులో ‘ప్రింట్’ అనే ఆదేశానికి రెండు అలవాట్లున్నాయి. కామాలు పెట్టి రెండు మూడు సంగతులు ఇస్తే, వాటి మధ్య తనంతట తానే ఒక స్పేస్ వేస్తుంది. అంతా అయ్యాక తనంతట తానే కింది లైనుకు దిగుతుంది. ఈ రెండూ తెలియకపోతే “మార్కులు: 85.” అని రావాల్సిన చోట “మార్కులు: 85 .” అని వస్తుంది. చుక్క విడిగా నిలబడుతుంది. ఒకే వరుసలో రావాల్సిన అయిదు అంకెలు మెట్లు దిగినట్టు ఒకదాని కింద ఒకటి వస్తాయి.

దీనికి మందు కూడా ఆ భాషలోనే ఉంది. మధ్యలో ఏం పడాలో చెప్పడానికి ‘సెప్’, చివర్లో ఏం పడాలో చెప్పడానికి ‘ఎండ్’ అనే రెండు సెట్టింగులున్నాయి. బోర్డు పరీక్షల్లో ప్రోగ్రామ్ ఇచ్చి “దీని అవుట్‌పుట్ రాయండి” అని అడిగే ప్రశ్నల్లో చాలాసార్లు ఈ ‘ఎండ్’ దగ్గరే మెలిక ఉంటుంది. లైను మారాల్సిన చోట ఒక నక్షత్రమో, హ్యాష్ గుర్తో పెడతారు. రోజూ తన అవుట్‌పుట్‌ను కళ్లతో జాగ్రత్తగా చూసుకునే అలవాటున్న పిల్లలకు అది సులువు. చూడని పిల్లలు తెలిసిన జవాబే తప్పు రాస్తారు.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివిన నాన్నలకు, అమ్మలకు ఒక మాట. మీరు కాలేజీలో సీ భాష నేర్చుకుని ఉంటే, లైను మారాలంటే దానికి ప్రత్యేకంగా ఒక గుర్తు రాయాలన్నది మీ చేతికి అలవాటైపోయి ఉంటుంది. సీలో అది అవసరం. పైథాన్‌లో ప్రింట్ తనే లైను మారుస్తుంది కాబట్టి, అదే గుర్తు చివర్లో మళ్లీ పెడితే ఒక ఖాళీ లైను అదనంగా వస్తుంది. ఇంట్లో సాయం చేయించుకుని వచ్చిన ప్రోగ్రాముల్లో ఈ ఖాళీ లైన్లు మాకు బాగా కనిపిస్తాయి.

పాత పుస్తకాలతోనూ ఇలాంటి తంటాయే. పైథాన్ మూడో వెర్షన్ 2008 డిసెంబర్‌లో వచ్చింది. అప్పటి నుంచి ప్రింట్ పక్కన బ్రాకెట్లు తప్పనిసరి. రెండో వెర్షన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. అక్కయ్యో, అన్నయ్యో వాడిన పాత పుస్తకంలోని ప్రోగ్రామ్‌ను ఉన్నదున్నట్టు టైపు చేస్తే, బ్రాకెట్లు లేక మొదటి లైనులోనే ఎర్రక్షరాలు వస్తాయి. అది పిల్లవాడి తప్పు కాదు. పుస్తకం వయసు చూడండి.

5, 7 కలిపితే 57

ఇది చూసి నవ్వని పిల్లలుండరు. రెండు సంఖ్యలు అడిగి కూడమంటే, 12 రావాల్సింది 57 వస్తుంది. కీబోర్డు నుంచి తీసుకున్నదాన్ని పైథాన్ సంఖ్య అనుకోదు, అక్షరాలు అనుకుంటుంది. అక్షరాలను కూడమంటే పక్కపక్కన అంటిస్తుంది. ముందు వాటిని సంఖ్యలుగా మార్చమని చెప్పాలి. ఐసీఎస్ఈలో జావా చదివే పిల్లలకు ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. “మొత్తం” అన్న మాటకు 2ను, ఆపైన 3ను ప్లస్ గుర్తుతో కలిపి ప్రింట్ చేయమంటే “మొత్తం5” రాదు, “మొత్తం23” వస్తుంది. ఎడమ నుంచి మొదలుపెట్టి ముందు మాటకు 2ను అంటించి, తర్వాత 3ను అంటిస్తుంది. 2ను, 3ను బ్రాకెట్‌లో పెడితే ముందు కూడిక జరుగుతుంది.

చెప్పడం వేరు, చేతికివ్వడం వేరు

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఫంక్షన్లు మొదలయ్యాక, సరైన జవాబు కింద “నన్” అనే మాట ఒకటి పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంటుంది. పిల్లలు దాన్ని వైరస్ అనుకుంటారు. ఫంక్షన్ తన జవాబును తెర మీద చెప్పేసి ఊరుకుంది, పిలిచినవాళ్ల చేతికి ఏమీ ఇవ్వలేదు. పిలిచినవాళ్లు మళ్లీ “నువ్వు ఇచ్చింది ప్రింట్ చెయ్యి” అన్నారు. ఇచ్చింది ఏమీ లేదు కాబట్టి “ఏమీ లేదు” అనే అర్థం వచ్చే ఆ మాట పడింది. కొట్టుకు పంపిన పిల్లవాడు చిల్లర ఎంత వచ్చిందో గట్టిగా చెప్పడం ఒకటి, ఆ చిల్లర మన చేతిలో పెట్టడం ఇంకొకటి. పెద్ద ప్రోగ్రాములు రాయాలంటే ఈ తేడా తెలియాలి. అది తేటతెల్లంగా బయటపడేది అవుట్‌పుట్ దగ్గరే.

ఇలాంటిదే ఇంకొకటి. మొత్తం మార్కులు ఒక్కసారి రావాల్సింది అయిదు సబ్జెక్టులకూ అయిదుసార్లు వస్తుంది. ప్రింట్ లైను నాలుగు స్పేసులు లోపలికి జరిగి, మళ్లీ మళ్లీ చేయాల్సిన పనుల గుంపులో కలిసిపోయింది, అంతే. పైథాన్‌లో లైను ముందు ఉండే ఖాళీకి కూడా అర్థం ఉంది.

దశాంశాల దగ్గర

పైథాన్‌లో 0.1కి 0.2 కలపమని చెప్పి చూడండి. 0.30000000000000004 అని వస్తుంది. కంప్యూటర్ పాడైందని కంగారుపడనక్కర్లేదు. మనం పదిని ఆధారంగా పెట్టుకుని లెక్కపెడతాం, కంప్యూటర్ రెండును ఆధారంగా పెట్టుకుంటుంది. మన పద్ధతిలో మూడో వంతును 0.333 అని ఎంత దూరం రాసినా పూర్తికానట్టే, దాని పద్ధతిలో పదో వంతు ఎప్పటికీ పూర్తి కాదు. ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపిన చోటి మిగులే చివరన కనిపించే ఆ 4.

మూడు సబ్జెక్టుల్లో 200 మార్కులు వస్తే సగటు 66.66666666666667 అని వస్తుంది. ప్రోగ్రెస్ కార్డు మీద అలా ఎవరూ వేయరు. 49.5 రూపాయలు అని కూడా ఏ కొట్టులోనూ బిల్లు ఇవ్వరు, 49.50 అని ఇస్తారు. చుక్క తర్వాత ఎన్ని అంకెలు కావాలో చెబితే పైథాన్ సరిగ్గా అలాగే చూపిస్తుంది. 2016 చివర్లో వచ్చిన ‘ఎఫ్-స్ట్రింగ్’ పద్ధతితో అది ఇంకా సులువైంది. అయితే చూపించడం వేరు, మార్చడం వేరు. తెర మీద 66.67 అని చూపించినా లోపల పూర్తి సంఖ్య అలాగే ఉంటుంది, తర్వాతి లెక్కలకు అదే వాడాలి. డబ్బు లెక్కలైతే రూపాయలను పైసల్లోకి మార్చుకుని పూర్ణసంఖ్యలతో చేయమని మేం చెబుతాం. ఆ మిగులు గొడవే ఉండదు.

ఇంకో వింత. లెక్కల టీచరు 2.5ను సవరిస్తే 3 అని చెబుతారు. పైథాన్ 2 అంటుంది. 3.5ను మాత్రం 4 అంటుంది. సరిగ్గా సగం దగ్గర ఉన్నవాటిని దగ్గరి సరిసంఖ్య వైపు తీసుకెళ్లడం దాని పద్ధతి. ప్రతి సగాన్నీ పైకే జరుపుతూ పోతే, వేల సంఖ్యలు కూడినప్పుడు మొత్తం ఉండాల్సిన దానికంటే పెరిగిపోతుంది. లెక్కల టీచరూ తప్పు చెప్పలేదు, కంప్యూటరూ తప్పు చేయలేదు. రెండు చోట్ల రెండు నియమాలు. పరీక్షలో ఏ నియమం అడిగారో చదువుకోవడం పిల్లల పని. ఏ నియమమో ప్రశ్నలో స్పష్టంగా రాయడం మా పని.

మన కామాలు, మన అక్షరాలు

పన్నెండున్నర లక్షలను మనం 12,50,000 అని రాస్తాం. పైథాన్‌ను మామూలుగా కామాలు పెట్టమంటే 1,250,000 అని పెడుతుంది. అది పాశ్చాత్యుల మిలియన్ల లెక్క. సంఖ్య ఒకటే, కానీ ఇంట్లో తాతయ్యకు చూపిస్తే ఒక్క క్షణం తడబడతారు. మన పద్ధతిలో కామాలు రావాలంటే పిల్లలే ఒక చిన్న ఫంక్షన్ రాసుకోవాలి. కుడివైపు నుంచి ముందు మూడంకెలు వదిలి, తర్వాత రెండేసి చొప్పున విడదీయాలి. ఏడో తరగతికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు. అందులో లెక్కా ఉంది, చదివేవాళ్ల మీద గౌరవమూ ఉంది.

తెలుగు పేర్లతో మార్కుల పట్టిక ప్రింట్ చేయమంటే ఇంకా ఆసక్తికరం. “రవి”, “లక్ష్మి” రెండూ తెలుగు టీచరు లెక్కలో రెండేసి అక్షరాల మాటలే. కంప్యూటర్ లెక్కలో మాత్రం రవి మూడు, లక్ష్మి ఏడు. మనం ఒకే అక్షరం అనుకునే “క్ష్మి”ని అది క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరుగా లెక్కపెడుతుంది. యూనికోడ్‌లో తెలుగును దాచే పద్ధతి అది. అందుకే పేరుకు పది గడుల చొప్పున కేటాయించమంటే రవి పక్కన ఏడు ఖాళీలు, లక్ష్మి పక్కన మూడే ఖాళీలు వదులుతుంది. మార్కుల వరుస వంకర పోతుంది. పిల్లవాడు స్పేస్ బార్ నొక్కి నొక్కి దాన్ని సరిచేయాలని చూస్తాడు. ఇంకో పేరు రాగానే మళ్లీ వంకర. సులువైన ఉపాయం ఒకటుంది. అంకెలన్నీ ముందు వరుసల్లో పెట్టి, పేరును చివరి వరుసలో పెడితే చాలు. పేరు ఎంత పొడవున్నా తర్వాత చెడగొట్టడానికి ఏమీ ఉండదు.

కొన్ని కంప్యూటర్లలో తెలుగు అక్షరాల బదులు గడులో, ప్రశ్నార్థకాలో వస్తాయి. ఆ తెరకు తెలుగు ఫాంట్ లేకపోవడమో, ఫైలును దాచిన పద్ధతి ఒకటి, చదివిన పద్ధతి ఇంకొకటి కావడమో దీనికి కారణం. ఫైలు దాచేటప్పుడు, తెరిచేటప్పుడు కూడా ‘యూటీఎఫ్-8’ పద్ధతినే ఎంచుకోమని మేం ల్యాబ్‌లో చెబుతాం.

“చిన్న తప్పే కదా” అంటే

ఇవన్నీ బడి ల్యాబ్ గొడవలని, పెద్దయ్యాక ఎవరూ పట్టించుకోరని అనుకోకండి. 1999 సెప్టెంబర్ 23న నాసాకు చెందిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. దాని చిన్న ఇంజన్లు ఎంత తోపు ఇచ్చాయో లెక్కగట్టే నేల మీది సాఫ్ట్‌వేర్ ఒకటి, తన ఫలితాలను పౌండ్ల ఆధారమైన కొలతలో ఫైలులోకి రాసింది. ఆ ఫైలును చదివే రెండో బృందం ముందుగా ఒప్పుకున్న ప్రకారం అవి న్యూటన్ల ఆధారమైన కొలతలో ఉన్నాయనుకుంది. రెండిటికీ మధ్య తేడా సుమారు 4.45 రెట్లు. నౌక అనుకున్నదానికంటే చాలా కిందికి, అంగారకుడి ఉపరితలానికి 57 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లిపోయింది. కూడికలు, గుణకారాలు తప్పలేదు. ఒప్పుకున్న రూపంలో ఫలితాన్ని అందించకపోవడం, దాన్ని ఎవరూ సరిచూసుకోకపోవడమే కొంప ముంచాయి. పదో తరగతి భౌతికశాస్త్రంలో “యూనిట్ రాయలేదు” అని అర మార్కు తీసినప్పుడు ఈ నౌకను గుర్తు తెచ్చుకోవచ్చు.

మన తెలుగుకు సంబంధించిందీ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అనే అక్షరాన్ని పోలిన ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించింది. అక్షరం వైరస్ కాదు. దాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌లో లోపం. యాపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి మన ఒక్క ఒత్తక్షరాన్ని “చూపించడం” దగ్గర తడబడింది. ఆ పని అంత తేలికైనది కాదనడానికి ఇది చాలు. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్ల అవసరం ఎక్కడుందో కూడా ఇది చెబుతోంది.

మీ మాటలో న్యాయం ఎక్కడుంది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. కొన్ని పరీక్షల్లో ప్రోగ్రాములను దిద్దేది మనిషి కాదు, ఇంకో ప్రోగ్రామ్. అది పిల్లవాడి అవుట్‌పుట్‌ను, తన దగ్గరున్న జవాబును అక్షరం అక్షరం పోలుస్తుంది. సరిపోతే పూర్తి మార్కులు, లేకపోతే సున్నా. కోడింగ్ పోటీల్లో, క్యాంపస్ ఉద్యోగాల పరీక్షల్లో చాలాచోట్ల ఇలాంటి పద్ధతే. వేలమందిని ఒకేసారి పరీక్షించేటప్పుడు అది తప్పదేమో. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు దానికి అలవాటు పడటమూ మంచిదే.

ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలకు మాత్రం ఆ పద్ధతి అన్యాయమని నా అభిప్రాయం. మొదటిసారి లూప్ రాసి, లెక్క సరిగ్గా తెప్పించిన పిల్లకు ఒక స్పేస్ కోసం సున్నా వేస్తే, ఆ పిల్ల స్పేస్ గురించి నేర్చుకోదు. “నాకు కంప్యూటర్ రాదు” అని నేర్చుకుంటుంది. ఆ మాట ఒకసారి మనసులో పడితే తీయడం చాలా కష్టం. పది మార్కుల ప్రశ్నలో లెక్కకు ఏడు, చూపించిన తీరుకు మూడు ఉండాలి. రెండు కాలమ్‌లూ విడివిడిగా దిద్దాలి. మార్కు పోయిన చోట ఏ లైనులో ఏ తేడా వచ్చిందో పిల్లలకు చూపించాలి. ఎలా ప్రింట్ కావాలో నమూనా అవుట్‌పుట్ ప్రశ్నపత్రంలోనే ఇవ్వాలి. నమూనా ఇవ్వకుండా స్పేసుకు మార్కు తీయడానికి టీచరుకు హక్కు లేదు. మా టీచర్లకూ నేను ఇదే చెబుతాను. అందరూ ఒప్పుకోరు. “ఇప్పుడే గట్టిగా ఉండకపోతే పెద్ద పరీక్షల్లో దెబ్బతింటారు” అనేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ గట్టిదనం ఒక్కో తరగతితో పెరగాలి గానీ మొదటి రోజే మొత్తం మీద పడకూడదు.

అలాగని మూడు మార్కులూ మాఫీ చేయమని అడగకండి. పిల్లలను జాగ్రత్తగా చూసేలా చేసేవి ఆ మూడే.

ఇంట్లో ఏం చేయొచ్చు

దిద్దిపెట్టకండి. ఇది అన్నిటికంటే కష్టం, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు. మీకు అర నిమిషం పట్టే పనికి వాళ్లకు అరగంట పడుతుంది. ఆ అరగంటలోనే చదువు ఉంది.

అవుట్‌పుట్‌ను పైకి చదవమనండి. “మార్కులు, రెండు చుక్కలు, స్పేస్, ఎనభై అయిదు, స్పేస్, చుక్క” అని చదివేసరికి తేడా చాలాసార్లు వాళ్లకే దొరుకుతుంది. మీకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, పక్కన కూర్చుని వింటే చాలు. కావాల్సిన నమూనాను ఒక కాగితం మీద రాసి, గళ్ల పుస్తకంలో గడికొక అక్షరం చొప్పున పెట్టి పోల్చమనండి.

కనిపించని స్పేసులను కనిపించేలా చేయమనండి. ప్రింట్ చేసేదానికి అటూ ఇటూ ఒక్కో చతురస్రపు బ్రాకెట్ తాత్కాలికంగా పెడితే, చివర్లో దాక్కున్న ఖాళీ బయటపడుతుంది. ఒకసారికి ఒకే మార్పు చేసి నడిపి చూడమనండి. నాలుగు చోట్ల ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఏఐ యాప్‌లను పూర్తిగా వద్దనను. కానీ “ఇది సరిచేసి ఇవ్వు” అని అడిగితే పిల్లకు మిగిలేది కాపీ చేసే పని ఒక్కటే. “ఇక్కడ స్పేస్ ఎందుకు వచ్చింది?” అని కారణం అడగమనండి. ఆ కారణాన్ని మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే నేర్చుకున్నట్టే.

ప్రాక్టికల్ రికార్డు గురించి ఒక చిన్న మాట. సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో 70 మార్కుల రాతపరీక్షకు తోడు 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉన్నాయి, వాటిలో రికార్డుకూ మార్కులున్నాయి. నల్లటి తెర ఫొటోలు అంటించకండి. ఇంకు తాగేస్తాయి, అక్షరాలు చదవడానికి రావు. తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలుండాలి. ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు ఇచ్చే కొరియర్ లాంటి ఫాంట్ వాడితే ఇంగ్లిష్ అక్షరాల, అంకెల పట్టికలు వంకర పోవు. పొడవైన లైన్లు ఏ4 కాగితం అంచు దగ్గర తెగిపోకుండా ప్రింట్ ప్రివ్యూలో ఒకసారి చూసుకోవాలి.

చివరగా ఒక విన్నపం. వచ్చే మీటింగ్‌కు మార్కుల కాగితంతో పాటు, మార్కు పోయిన ప్రోగ్రామ్ ప్రింట్‌ను కూడా తీసుకురండి. పిల్లలను కూడా వెంట తీసుకురండి. మార్కు ఎందుకు పోయిందో ముందు మీ అమ్మాయినో, అబ్బాయినో మాకు చెప్పనివ్వండి. చెప్పగలిగితే ఆ పిల్లకు ఆ పాఠం వచ్చినట్టే, పోయిన మార్కు గురించి మీరు బెంగపడాల్సిన పనిలేదు. చెప్పలేకపోతే ఆ లోటు మా దగ్గరుంది. దాన్ని సరిచేయమని గట్టిగా అడగండి.

కంప్యూటర్ సైన్స్ విభాగం